అంచులు కోసిన కార్డులు

"ఇలగ దగ్గిరికొచ్చి సూడు మావా. ఒక్క మూలైనా నలిగినట్టుందేటి?"

గౌరీశ్వరి అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. ముందు పాత చీర పరిచింది. చీర మీద క్రికెట్ కార్డులు ఎండబెట్టిన అప్పడాల్లా వరసలు తీరి ఉన్నాయి. పక్కన చేట. చేటలో సన్నటి తెల్లటి కాగితం పోగులు, కొబ్బరి కోరులా కుప్పపడి ఉన్నాయి.

సోమేశ్వరరావు సైకిలుకి స్టాండు వేయడం మరిచిపోయాడు. సైకిలు మెల్లగా గోడకి ఒరిగి, హ్యాండిలు సున్నాన్ని గీరుకుంటూ కిందికి జారింది. ఆ చప్పుడు అతనికి ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు వినిపించింది.

"ఇదేంటి గౌరీ?"

"నువ్వే అన్నావు గదా మొన్న. అంచులు నలిగిపోయినాయి, అందుకే మంచి బేరం రావట్లేదని. ఇయ్యాల ఫేట్రీకి సెలవు. పొద్దున్నించీ కూకుని తీసీసినాను."

"ఏం తీశావు?"

"నలిగిందంతానూ. స్కేలు పెట్టి, నా కత్తితోటి. వెంట్రుకవాసి కంటే ఎక్కువ తియ్యనేదు, వొట్టు." ఆమె ఒక కార్డు తీసి వెలుతురుకి పట్టింది. "నూట ముప్పై ఒకటి. ఒక్కటీ సిరగనేదు."

బబుల్‌గమ్ పొట్లంలో ఒక్కొక్కటిగా వచ్చిన కార్డులు. వెనక ఒక్కో నంబరు. నూట ముప్పై రెండు ఉండాలి, యాభై ఏడో నంబరు లేదు. ఆ లోటు అతనికి తెలుసు. ఇప్పుడు మిగిలినవి కూడా లేనట్టే.

పద్నాలుగేళ్లుగా గౌరీశ్వరి చేతులు జీడిపప్పుతోనే బతుకుతున్నాయి. మొదట పిక్కలు కొట్టింది. ఆ పిక్కల తొక్కనూనె కాల్చిన నల్లమచ్చలు బొటనవేలి మీద ఇంకా ఉన్నాయి. తర్వాత పొర తీసింది. ఇప్పుడు కాశీబుగ్గలో ఒక ఫ్యాక్టరీలో రకాలు విడగొట్టే బల్ల దగ్గర కూర్చుంటుంది. విరగని గుండు ఒకవైపు, రెండుగా విడిన బద్ద ఒకవైపు, ముక్క ఒకవైపు. గుండు మీద చిన్న మచ్చ కనబడితే పారేయదు. కత్తి మొనతో మచ్చ మేరకు గీరి తీసేస్తుంది. మచ్చ పోతే పప్పు ఒక రకం పైకి వెళుతుంది. ఆమెకు తెలిసిన న్యాయం అది. చెడినంత మేర తీసేస్తే మిగిలింది మంచిదే.

కార్డుల న్యాయం వేరు. అది సోమేశ్వరరావుకి వారం కిందటే తెలిసింది. నెట్ సెంటర్లో బావమరిది తిరుమల ఒక పేజీ చదివి వినిపించాడు. మూల నలిగిన కార్డుకి విలువ తగ్గుతుంది. అంచు కోసిన కార్డుకి విలువే ఉండదు. కోత దొరికితే దాన్ని దెబ్బ అనరు, మోసం అంటారు.

ఆ మాట అతను ఇంట్లో చెప్పలేదు. చెబితే మాట పెరుగుతుంది. మాట పెరిగితే ఇవి ఎక్కడివని ఆమె అడుగుతుంది. అటక మీంచి డబ్బా దించిన రోజు "చిన్నప్పుడు పోగేసినవి" అని మాత్రం అన్నాడు. ఎవరి చిన్నప్పుడో చెప్పలేదు.

"బాగున్నాయా నేదా? సెప్పవేటి?"

"నిన్నెవరు ముట్టుకోమన్నారు?"

గౌరీశ్వరి చేతిలో కార్డు అలాగే ఆగిపోయింది.

"ఎవులూ అననేదు."

"అడగొచ్చు కదా. ఒక్క మాట."

"నువ్వు సెప్పొచ్చు గదా. ఒక్క మాట."

"వీటిని ఇంక ఎవడూ కొనడు, తెలుసా? పొయ్యిలో పెట్టుకోవాలి."

"అంచులే గదా మావా పోయినాయి. బొమ్మ అలాగే ఉన్నాది గదా."

"వాళ్లు కొనేది బొమ్మని కాదు."

"మరేటి కొంటారు?"

ఎవరూ చెయ్యి పెట్టలేదన్న నమ్మకాన్ని కొంటారు. ఆ జవాబు అతని నాలుక దాకా వచ్చింది. కానీ ఆ మాట అనడానికి ఈ ఇంట్లో తనకంటే తక్కువ హక్కు ఉన్నవాడు లేడనిపించి ఊరుకున్నాడు.

గౌరీశ్వరి కార్డులు ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టింది. కోపంలో కూడా ఆమె వేళ్లు పొరపాటు చేయవు. నాలుగు వైపులా తట్టి సమం చేసి, రబ్బరు బ్యాండు వేయకుండా గుడ్డతో చుట్టింది. రబ్బరు బ్యాండు వేస్తే నొక్కుకుపోతాయని ఎవరూ చెప్పకుండానే ఆమెకి తెలుసు.

"నడుం పట్టీసినాది. అయినా మధ్యలో లెగనేదు. నువ్వొచ్చి సంతోసపడతావనుకున్నాను." చేటని అతని వైపు జరిపింది. "ఇయ్యి పారీమంటావా? అతికించమంటావా?"

అతను సైకిలు లేవనెత్తుకుని వెనక్కి తిరిగాడు.

*

తిరుమల నెట్ సెంటరు బస్టాండు ఎదురు సందులో ఉంది. ఆరు కంప్యూటర్లు, వాటి మధ్య పువ్వుల కర్టెన్లు. శనివారం సాయంత్రం కాబట్టి ఇంజనీరింగు కౌన్సెలింగు పిల్లలు రెండింటి దగ్గర మూగి ఉన్నారు. తిరుమల మూల కంప్యూటరు ఖాళీ చేయించి బావకి కుర్చీ వేశాడు. సంగతి విని పగలబడి నవ్వాడు.

"మా అక్క కత్తికి అడ్డు నేదు బావా! నాకొచ్చిన మూడు సంబంధాలు కూడా ఇలగే సివర్లు కోసీసినాది."

సోమేశ్వరరావు నవ్వలేదు. తిరుమల నవ్వు దానంతట అదే సర్దుకుంది.

"సరే. సూద్దుం. ఏలం బుధవారం దాకా ఉన్నాది. ఇప్పటికే తొమ్మిది మంది పాడినారు."

అమ్మడానికి చోటు ఎంచుకోవడం దగ్గరే పదిహేను రోజులు గడిచాయి. అమెరికా సైటు ఒకటి ఉంది. అక్కడ క్రికెట్ ఎవరికి కావాలని తిరుమల దాన్ని మొదటి రోజే కొట్టిపారేశాడు. మన దేశపు ఏలం సైటు ఒకటి. ఫోటోలు పెట్టాలి, ఏడు రోజులు ఎవడైనా పాడొచ్చు, ఎక్కువ పాడినవాడికి పార్సిలు కట్టాలి. మూడోది ఫోరం. కార్డులు దాచుకునే వాళ్లు అరవై డెబ్బై మంది కలిసి నడుపుకునేది. అక్కడ ఏలం ఉండదు. సరుకు గురించి రాస్తే, నచ్చినవాడు మాట్లాడుకుని తీసుకుంటాడు.

"ఏలమంటే సంతలో గుమ్మరించి అమ్మీడం. ఫోరమంటే ఇంటికొచ్చి, చెయ్యి పెట్టి సూసుకుని తీసుకునే బేరగాడు. సంబంధం కలుపుకున్నట్టుంటాది. నాను ఫోరమే అంటాను," అన్నాడు తిరుమల ఆ రోజున.

సోమేశ్వరరావు ఏలం అన్నాడు. ఎక్కువమంది చూస్తారన్నాడు. తొందరగా తెగుతుందన్నాడు. మండలాఫీసులో పద్దెనిమిదేళ్లు ఫైళ్లు రాసినవాడు, కారణాలు చెప్పడం బాగా వచ్చు. అసలు కారణం వేరు. ఫోరంలో పెట్టాలంటే ముందు ఒక ఫారం నింపాలి. అందులో మొదటి ప్రశ్న: ఇవి ఎవరు పోగేశారు? రెండోది: మీ దగ్గరికి ఎలా వచ్చాయి?

ఏలం సైటు ఆ ప్రశ్నలు అడగలేదు. అందుకే దాన్ని ఎంచుకున్నాడు.

"పూనా పెద్దాయన మళ్లీ రాసినాడా?" తిరుమల చెయ్యి చాపాడు.

సోమేశ్వరరావు జేబులోంచి కాగితం తీశాడు. పొద్దున్న ఆఫీసుకి పోతూ ఇక్కడే ప్రింటు తీసుకున్నాడు. ఫోరం పెద్దల్లో ఒకాయన, ఏలంలో ఫోటోలు చూసి రాసిన ఉత్తరం. తిరుమల ఇంగ్లీషుని మెల్లగా విప్పుకుంటూ చదివాడు. ఏలంలో కొన్నవాడు సెట్టు విడగొట్టి ఒక్కొక్కటీ అమ్ముకుంటాడు. దయచేసి అక్కడ తీసేసి మా దగ్గర పెట్టండి. ఇన్నేళ్లు ఒక్కచోట ఉన్నవి ఒక్కచోటే ఉండాలి. యాభై ఏడు లేకపోయినా ఫరవాలేదు. అంత శ్రద్ధగా దాచిన పిల్లవాడు ఎవరో తెలుసుకోవాలని ఉంది.

ఆ చివరి వాక్యం దగ్గర తిరుమల గొంతు కొంచెం తడబడింది, ఇంగ్లీషు వల్లే.

"మంచోడిలాగున్నాడు బావా. కానీ ఇప్పుడేటి సెప్తాం?" అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఏలం ఫోటోలు కొయ్యకముందు తీసినయి. కొన్నోడికి పార్సిలు ఇప్పినాకే తెలుత్తాది. అప్పటికి మనం పంపీసినాం. రవాణాలో ఏటైనాదో మనకేటి తెలుసు?"

సోమేశ్వరరావు వెంటనే కాదనలేదు. ఎంతసేపు ఊరుకున్నాడో అతనికే తెలిసింది. పక్క కంప్యూటరు దగ్గర ఎవరో పిల్లకి సీటు వచ్చినట్టుంది, అరుపులు, నవ్వులు. ఆ గోల అంతా సద్దుమణిగే దాకా అతను ఆలోచిస్తూనే ఉన్నాడు. అంతసేపు ఆలోచించాడన్నదే అతన్ని భయపెట్టింది.

"తీసెయ్," అన్నాడు.

"ఏలమా?"

"తీసెయ్. ఫోరంలో పెట్టు. అంచులు కోసినవని మొదటి లైనులోనే రాయి."

"కోసినయని రాసినాక ఎవుడు కొంటాడు?"

"కొనకపోతే మానేస్తాడు. రాయి."

తిరుమల భుజాలెగరేసి ఫారం తెరిచాడు. మొదటి గడిలో కర్సరు మిణుకుమంటోంది. ఎవరు పోగేశారు. తిరుమల వేళ్లు అలవాటుగా ఎస్ కొట్టాయి, ఓ కొట్టాయి, ఎమ్ కొట్టాయి.

"ఆగు."

"ఏటి?"

"నావి కావు."

తిరుమల తెర వైపే చూస్తున్నాడు.

"బైరాగివి."

తమ్ముడి పేరు పైకి అని ఎన్నాళ్లయిందో. టెక్కలిలో జెరాక్స్, రీచార్జి కొట్టు పెట్టుకున్న తమ్ముడు. పెళ్లిళ్లలో కనబడితే తలూపే తమ్ముడు. అన్నయ్యని 'మీరు' అని పిలిచే తమ్ముడు.

"బైరాగి బావయ్యా? మరి నీకాడెందుకున్నాయి?"

సోమేశ్వరరావు చెప్పాడు. ఎంత తక్కువలో చెప్పాడంటే, తొమ్మిదేళ్లు దాచినది రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తొంభై ఏడులో వాడు ఇంటర్ తప్పాడు. డబ్బా లాక్కుని జీడిపిక్కలు కాల్చే బట్టీకి పట్టుకెళ్లాను. పడేశానని వాడికి చెప్పాను. పడేయలేదు.

తిరుమల కీబోర్డు మీంచి చేతులు తీసేసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"అక్కకి తెలుసా?"

"తెలీదు."

"బైరాగి బావకి?"

"కాలిపోయాయనే అనుకుంటున్నాడు."

తిరుమల ఏలం పేజీకి వెళ్లి దాన్ని రద్దు చేశాడు. తర్వాత ఫోరం ఫారం కూడా మూసేశాడు.

"ఇది ఏ సైట్లోనూ పెట్టీ సరుకు కాదు బావా."

*

కాశీబుగ్గ నుంచి ఇంటికి పది నిమిషాలు. సోమేశ్వరరావు సైకిలు ఎక్కలేదు, నడిపించుకుంటూ వచ్చాడు.

తొమ్మిదేళ్ల కిందట ఆ రోజు బట్టీ దగ్గర పనివాడు దాలయ్య ఉన్నాడు. జీడితొక్కలు పారతో ఎగదోస్తున్నాడు. నల్లటి పొగ, కళ్లు మండే ఘాటు. "ఏటి బాబూ, కాగితాలా? మంటలో పడీ, పడీ" అన్నాడు. సోమేశ్వరరావు డబ్బా మూత తీశాడు. పై కార్డు మీద ఎవడో బ్యాట్స్‌మన్ బంతి కొట్టి పైకి చూస్తున్నాడు. బంతి కార్డులో లేదు. ఎక్కడో పైన ఉంది. నాన్న పోయినప్పుడు తనకి పంతొమ్మిదేళ్లు, బైరాగికి ఏడు. అప్పటి నుంచి తను పైకి చూసిందే లేదని ఆ క్షణాన అనిపించింది. మూత పెట్టేశాడు.

ఇంటికొచ్చి మాత్రం "కాల్చేశాను" అన్నాడు.

ఎందుకన్నాడు? క్రమశిక్షణ అని ఆ రోజు అనుకున్నాడు. వాడు ఏడిస్తే ఇచ్చేద్దామనుకున్నానని తర్వాత అనుకున్నాడు. వాడు ఏడవలేదు. చొక్కా జేబు మీద అరచెయ్యి పెట్టుకుని, కాసేపు నిలబడి, "మీ ఇష్టం" అన్నాడు. ఆ 'మీ' అక్కడ మొదలైంది. మర్నాడు నిజం చెప్పడం తేలిక. వారానికి కొంచెం కష్టం. ఏడాదికి సిగ్గు. తర్వాత ఆ అబద్ధం ఇంట్లో ఒక గోడలా నిలబడిపోయింది. దాన్ని ఆనుకునే మిగతావన్నీ కట్టుకున్నారు.

కాపాడాను అనుకునేవాడు. నిజానికి తన కోసం దాచుకున్నాడు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అటకెక్కి డబ్బా తీసి చూసుకునేవాడు. ఏ నంబరు మీద ఎవరున్నారో చూడకుండా చెప్పగలడు. ఆ సంగతి తలుచుకుంటే, కాల్చేసి ఉంటేనే తప్పు చిన్నదిగా ఉండేదనిపించింది.

గౌరీశ్వరి పొయ్యి దగ్గర పనసపిక్కలు పులుసులో వేస్తోంది. అతను గుమ్మంలో నిలబడి చెప్పాడు. ఈసారి ఇంకా తక్కువలో.

ఆమె గరిటె పక్కన పెట్టింది.

"అంటే నాను కోసింది నీయి కావు."

"కావు."

"బైరాగియి."

"అవును."

పులుసు కుతకుతలాడుతోంది. ఆమె మంట తగ్గించలేదు.

"నీ సేతికి అంటకుండా, నా సేత కోయించినావు."

"నేను కొయ్యమన్లేదు గౌరీ."

"అననేదు. నువ్వెప్పుడేటన్నావు గనక? ఎనిమిదేళ్లు కాపరం సేసినాను. ఆ పిల్లోడు మనింటి గడప తొక్కకపోతే, నా వల్లేమోననుకున్నాను తెలుసా? వదినొచ్చినాక మారిపోయినాడని మీ అత్త అన్నాది. నిజమేననుకున్నాను. ప్రతి పండక్కీ పిలిచినాను. రాకపోతే, నాను వండింది నచ్చదేమోననుకున్నాను."

ఇది అతను ఎప్పుడూ ఊహించలేదు. తన మౌనానికి ఇంకొకరు శిక్ష అనుభవిస్తూ ఉండొచ్చని, అదీ తన పక్కనే పడుకుని, అతనికి తట్టలేదు.

"అమ్మి ఏటి సేద్దామని?"

"వాడి కొట్లో జెరాక్స్ మిషను పాతబడింది. కొత్తది కొనిద్దామని."

"ఏటని సెప్పి ఇచ్చీవోడివి?"

"నేను కొన్నానని."

గౌరీశ్వరి అతని ముఖంలోకి చూసింది. పప్పు మీద మచ్చ వెతికేటప్పుడు అలాగే చూస్తుంది, కళ్లు కొంచెం చికిలించి.

"ఆడి వస్తువు. ఆడికే ఇచ్చి. మంచి పేరు నీకు."

పైట చెంగుతో చెయ్యి తుడుచుకుని గూట్లోంచి ఫోను తీసింది.

"ఎవరికి?"

"నువ్వు సెయ్యని ఫోను." నంబరు నొక్కింది. అవతల మోగుతున్నంతసేపూ గోడ వైపు తిరిగి నిలబడింది. "బైరాగీ? నాను, వదిన్ని... అందరం బాగున్నాం. రేపు ఆదోరం గదా, ఒకపాలి రా నాన్నా. పండక్కి కాదు, భోజనానికి కాదు. నీ వస్తువొకటి మా ఇంట్లో ఉన్నాది. కిరికెట్టు కార్డులు... ఆఁ. అయ్యే... నేదు, కాలనేదు. కానీ నాను సెడగొట్టీసినాను."

ఆమె ఫోను చెవికి అలాగే పెట్టుకుని నిలబడింది. కట్ అయిపోయిందని అతనికి అర్థమైంది. ఆమెకి ఇంకా అర్థం కాలేదు.

*

బైరాగి తొమ్మిదింటి బస్సుకే దిగాడు.

ఇరవై ఆరేళ్ల మనిషి. నుదురు దగ్గర జుట్టు అప్పుడే వెనక్కి పోతోంది, అచ్చం నాన్నలాగా. ఇంట్లోకి రమ్మంటే రాలేదు. అరుగు చివర కూర్చున్నాడు. టీ గ్లాసు పక్కన పెట్టించుకున్నాడు.

గౌరీశ్వరి డబ్బా తెచ్చి ముందు పెట్టింది.

"నాకు తెలీదు బైరాగీ. నలిగినాయని, బాగు సేద్దామని..."

"మీ తప్పేటి నేదు వదినా."

బైరాగి మూత తీశాడు. పై కార్డు చూశాడు. బంతి కొట్టి పైకి చూస్తున్న మనిషి. తర్వాత ఒక్కొక్కటి తీసి వెనక నంబరు చూసి పేర్చడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఎదురింటి వాళ్లు రేడియో పెట్టారు, మళ్లీ ఆపారు. టీ మీద మీగడ కట్టింది.

నలభై రెండు దాకా వచ్చి ఆగాడు.

"కాల్చీసినానన్నారు."

"కాల్చలేదు."

"ఎందుకు?"

సోమేశ్వరరావు రాత్రంతా దీనికి జవాబు తయారు చేసుకున్నాడు. అందులో నాన్న పోవడం ఉంది, బాధ్యత ఉంది, వాడి మంచి ఉంది. ఇప్పుడు నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"నాకు నచ్చాయి."

బైరాగి తలెత్తాడు.

"మీకా?"

"ఎవరూ లేనప్పుడు తీసి చూసుకునేవాడిని."

"మీరు." బైరాగి నవ్వాడో లేదో తెలియలేదు, పెదవి ఒకవైపు కదిలింది. "అయితే సెప్పండి. నలభై మూడు ఎవురు?"

"వికెట్ కీపరు. టోపీ లేకుండా."

బైరాగి తిప్పి చూశాడు. టోపీ లేని వికెట్ కీపరు.

"తొంభై?"

"ఇద్దరుంటారు. రనౌట్. ఒకడు కింద పడి ఉంటాడు."

"నూట పదకొండు?"

"దాని మీద సిరా మరక. నువ్వే చేశావు. హాల్ టికెట్టు మీద సంతకం పెడుతూ."

ఆ మాటకి బైరాగి కళ్లు దించేసుకున్నాడు. గుమ్మానికి ఆనుకున్న గౌరీశ్వరి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఒక క్షణం ఆ అరుగు మీద తొమ్మిదేళ్లు లేనట్టే ఉంది.

"యాభై ఏడు ఎవురు?" అన్నాడు బైరాగి.

"అది లేదు. నీకు దొరకలేదు కదా."

బైరాగి వెనక జేబులోంచి పర్సు తీశాడు. ఓటరు కార్డు వెనక నుంచి, మడత పడకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టిన ఒక కార్డు బయటికి లాగాడు. చెయ్యి పైకెత్తిన స్పిన్ బౌలరు. తొమ్మిదేళ్లు పర్సులో తిరిగి మూలలు గుండ్రంగా అరిగిపోయాయి. రంగు వెలిసింది.

"ఆ రోజే దొరికినాది. మందసలో ఒక కుర్రోడి దగ్గిర. ఆడికి నా గడియారం ఇచ్చీసి తెచ్చినాను. బస్సు దిగి పరిగెట్టుకుంటూ వచ్చినాను, డబ్బాలో పెడదామని." గొంతు మామూలుగానే ఉంది. "వచ్చీసరికి డబ్బా నేదు."

చొక్కా జేబు మీద అరచెయ్యి. సోమేశ్వరరావుకి ఇప్పుడు కనబడింది. అప్పుడూ కనబడింది. పొగరనుకున్నాడు.

"నూట ముప్పై రెండూ ఒక్కపాలి కూడా కలిపి సూడనేదు నాను."

మిగిలినవి కూడా పేర్చడం పూర్తి చేశాడు. యాభై ఆరుకీ యాభై ఎనిమిదికీ మధ్య ఆ కార్డు దూర్చాడు. కట్టంతా రెండు చేతుల్లోకి తీసుకుని అరుగు మీద నాలుగు వైపులా తట్టాడు. నూట ముప్పై ఒకటి ఒక్కటిగా, గోడలా సమంగా నిలిచాయి. మధ్యలో అదొక్కటే వెంట్రుకవాసి బయటికి పొడుచుకు వచ్చింది. ఎటు తట్టినా, ఎన్నిసార్లు తట్టినా, అది మాత్రం లోపలికి పోలేదు.

బైరాగి దాని మీద బొటనవేలు రాస్తూ కూర్చున్నాడు. తర్వాత దాన్ని బయటికి లాగి అరుగు మీద పెట్టాడు.

"వదినా, ఆ కత్తి ఒకపాలి ఇయ్యి."

గౌరీశ్వరి మొగుడి వైపు చూసింది. లోపలికి వెళ్లి కత్తి, స్టీలు స్కేలు తెచ్చింది. కత్తిని పైట చెంగుతో తుడిచి పిడి వైపు అందించింది.

బైరాగి స్కేలు ఆనించాడు. కత్తి మొన తెల్లటి అంచు మీద పెట్టి ఆగాడు.

"నాకు ఏదైనా వొద్దని సెప్పింది ఎప్పుడూ నువ్వే," అన్నాడు తలెత్తకుండా. "ఇప్పుడూ నువ్వే సెప్పు అన్నియ్యా. కొయ్యనా?"

వద్దంటే అది మళ్లీ పాత అన్నయ్య మాట. కొయ్యమంటే, ఇంట్లో ఎవరి చెయ్యీ పడకుండా మిగిలిన ఆ ఒక్కటీ పోతుంది. సోమేశ్వరరావు పెదవులు విడివడ్డాయి.

అలవాటు కొద్దీ, తనకి తెలియకుండానే, గౌరీశ్వరి నిన్నటి కాగితం పోగులున్న చేటని బైరాగి మోకాలి దగ్గరికి జరిపింది.